తెలిసిన మాటే తికమక పెడుతుంది: పలు అర్థాల ఇంగ్లీషు పదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో బాలాజీ కాలనీకి దగ్గర్లో ఒక మేడ మీది గదిలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. డిగ్రీ పిల్లలు వస్తారు, బ్యాంకు పరీక్షలకు చదివేవారు వస్తారు, నర్సు ఉద్యోగానికి విదేశం వెళ్లబోయేవారు వస్తారు. పిల్లల హోంవర్కు కోసం తామే చదువుకుంటున్న తల్లులు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. బ్యాచ్ మారినా ప్రశ్నలు మారవు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు లిపిలోనే రాశాను. దానివల్ల ఒక లాభమూ ఒక నష్టమూ ఉన్నాయి, ఆ సంగతి ఉచ్చారణ ప్రశ్న దగ్గర వస్తుంది.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే ఇంగ్లీషువాళ్లకు మాత్రం ఎలా అర్థమవుతుంది?

మనకు తెలుగు అర్థమైనట్టే. "చెప్పు తెగింది" అన్నా, "నిజం చెప్పు" అన్నా మూడేళ్ల పిల్లవాడు కూడా తడబడడు. అడుగు అనే మాట చూడండి: గిన్నె అడుగు మాడింది, మనిషి ఆరడుగులున్నాడు, గుమ్మం దాటి అడుగు వేశాడు, దారి తెలియకపోతే ఎవరినైనా అడుగు. ఇక ఏడు. ఆరు తర్వాతి అంకె ఏడు, సంవత్సరం కూడా ఏడే, కన్నీళ్లు పెట్టుకోమని చెప్పాలన్నా ఏడు అనే అంటాం. అయినా "ఏడుకొండలవాడా" అని మొక్కేటప్పుడు ఏ భక్తుడికీ ఏడ్చే కొండలు గుర్తుకు రావు. పక్కనున్న మాటలే అర్థాన్ని పట్టిస్తాయి.

బడిలో నానార్థాలు అని బట్టీ పట్టినవి ఇవే. అమరకోశం మూడో కాండలో వీటికోసం ఒక వర్గమే కేటాయించారు. కాబట్టి ఇది ఇంగ్లీషుకు మాత్రమే పట్టిన జబ్బు అనుకోవద్దు.

అయితే మాకే ఎందుకు ఇంత తికమక?

మీకు ఆ మాట ముందే తెలుసు కాబట్టి. విచిత్రంగా ఉన్నా నా అనుభవంలో తేలింది ఇదే. తెలియని మాట ఎదురైతే మీరు నిఘంటువు తీస్తారు. తెలిసిన మాట ఎదురైతే తీయరు. మనం రోజూ తెలుగులో వాడే ఇంగ్లీషు మాటలు వందల్లో ఉన్నాయి, కానీ వాటిని తెచ్చుకున్నప్పుడు అర్థాలన్నీ మూటగట్టి తెచ్చుకోలేదు. ఒక్కో మాటకు ఒకటి, మహా అయితే రెండు. ఆ ఒక్క అర్థం మనసులో ఎంత గట్టిగా కూర్చుంటుందంటే, ఇంకో అర్థానికి చోటివ్వదు.

ఒకసారి తిరుపతి రైల్వే స్టేషన్‌లో వరుసలో నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచి, కొంగుకు ముడివేసిన డబ్బు. కిటికీ పైన 'కరెంట్ బుకింగ్' అని మూడు భాషల్లో రాసి ఉంది. ఆవిడ కాసేపు తలెత్తి ఆ అక్షరాలు కూడబలుక్కుని, వెనక్కి తిరిగి నన్ను అడిగింది: "బాబూ, ఇది కరెంటు బిల్లు కట్టేచోటా? నాకు రైలు టికెట్టు కావాలి." వెనక ఇద్దరు కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలుగు ప్రకారం ఆవిడ చదివిందే సరైనది.

కరెంట్ అనే మాట లాటిన్‌లో 'పరుగెత్తు' అనే క్రియ నుంచి వచ్చింది. పరుగెత్తేది ఏదైనా కరెంటే. నదిలో నీటి ప్రవాహం కరెంట్, తీగలో విద్యుత్ ప్రవాహం కరెంట్. కాలం కూడా ప్రవాహమే గనుక ఇప్పుడు నడుస్తున్నదీ కరెంటే: కరెంట్ అఫైర్స్ అంటే వర్తమాన వ్యవహారాలు, బ్యాంకులో కరెంట్ అకౌంట్ అంటే డబ్బు వస్తూ పోతూ ఉండే ఖాతా. రైల్వే వారి కరెంట్ బుకింగ్ అంటే బయలుదేరబోయే బండికి అప్పటికప్పుడు ఇచ్చే టికెట్టు. ఇన్నిటిలో తీగలోది ఒక్కటి మన ఇంటికి వచ్చి స్థిరపడింది.

టెన్షన్ కూడా అంతే. దాని అసలు అర్థం బిగువు, లాగి పట్టడం. మనకు మాత్రం అది దిగులు. విద్యుత్ స్తంభం మీద 'హై టెన్షన్' అని చూసి, తీగలకు అంత దిగులెందుకని ఒక చిన్నపిల్ల నన్ను అడిగింది. అక్కడ టెన్షన్ అంటే వోల్టేజి.

డాలర్ అంటే గొలుసుకు వేసుకునేది కాదా?

తెలుగులో అవును, ఇంగ్లీషులో కాదు. తిరుమలలో శ్రీవారి బంగారు డాలర్లు అమ్ముతారు గనుక మన ఊళ్లో ఈ మాట మరీ పాతుకుపోయింది. నాణెం ఆకారంలో గుండ్రంగా ఉన్న బిళ్లను డాలర్ అనడం మనవాళ్ల చలవ. అమెరికాలో ఉన్న బంధువుతో ఇంగ్లీషులో "దేవుడి డాలర్ కొన్నాను" అంటే అతను ఏ నోటు గురించో అనుకుంటాడు. ఆ బిళ్లను ఇంగ్లీషులో పెండెంట్ అంటారు. కవర్ కూడా ఈ జాతిదే: కూరగాయలవాడిని మనం అడిగే కవర్ ఇంగ్లీషులో బ్యాగ్. అంటే ఇంగ్లీషు అర్థాలను వదిలేయడమే కాదు, మనవి కొన్ని కలిపాం కూడా.

బ్యాంక్ అంటే డబ్బు దాచే చోటు, నది ఒడ్డు కూడా. రెండింటికీ సంబంధం ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక తేడా చెప్పాలి. తిరుపతిలో ఏ వీధిలోనైనా నిలబడి "వెంకటేశ్వర్లూ" అని గట్టిగా పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. వాళ్లు అన్నదమ్ములేమీ కారు, పేరు కలిసిందంతే. అదే వీధిలో ఒకే వెంకటేశ్వర్లు ఇంట్లో నాన్న, ఆఫీసులో గుమాస్తా, శనివారం భజనలో మృదంగం వాయించేవాడు. అతను ఒక్కడే, పాత్రలు మూడు. ఇంగ్లీషు మాటల్లోనూ ఈ రెండు రకాలు ఉన్నాయి. కొన్ని, పుట్టుకే వేరైనా అక్షరాలు కలిసిన వేర్వేరు మాటలు. కొన్ని, ఒకే మాటకు కాలక్రమంలో మొలిచిన కొమ్మలు.

బ్యాంకును మొదటి రకానికి ఉదాహరణగా ప్రతి పాఠ్యపుస్తకమూ చూపిస్తుంది. డబ్బు బ్యాంకు ఇటాలియన్‌లో 'బల్ల' అనే మాట నుంచి వచ్చింది, అప్పట్లో వడ్డీ వ్యాపారులు బల్ల వేసుకుని కూర్చునేవారు. ఒడ్డు అనే బ్యాంకు ఉత్తరాన స్కాండినేవియా నుంచి వచ్చింది. ఇంకాస్త తవ్వితే ఆ ఇటాలియన్ బల్ల కూడా పాత జర్మానిక్ భాషల నుంచి వెళ్లినదే, ఒడ్డూ ఆ కుటుంబానిదే. తోడబుట్టినవి కావు, దూరపు చుట్టాలు. కాబట్టి నేను తరగతిలో బ్యాంకును ఉదాహరణగా వాడటం మానేశాను.

సిసలైన ఉదాహరణ డేట్. తేదీ అనే డేట్ లాటిన్‌లో 'ఇవ్వబడినది' అనే మాట నుంచి వచ్చింది. పూర్వం ఉత్తరాల్లో ఫలానా రోజున ఇచ్చినది అని రాసేవారు. ఖర్జూరం అనే డేట్ గ్రీకులో 'వేలు' అనే మాట నుంచి వచ్చింది. యార్డ్ కూడా అలాగే: మామిడికాయల లారీలు ఆగే మార్కెట్ యార్డు 'ఆవరణ' అనే పాత మాట, గజం అనే యార్డు 'కర్ర' అనే మరో పాత మాట. ఒకటి చుట్టూ కంచె వేసింది, ఇంకొకటి కొలిచేది.

నాకు ఇష్టమైనది ఫ్యాన్. పైన తిరిగే ఫ్యాన్ లాటిన్‌లో 'చేట' నుంచి వచ్చింది. ధాన్యం తూర్పారపట్టే చేటే చేతి విసనకర్రగా మారి, చివరికి కరెంటుతో తిరిగింది. సినిమా హీరోకు పాలాభిషేకం చేసే ఫ్యాన్ వేరు. అది ఫెనాటిక్ అనే మాటకు తోక కత్తిరించగా మిగిలింది. ఆ మాట మూలం లాటిన్‌లో గుడి. గుడిలో పూనకం వచ్చినవాడు అని అర్థం. అభిమానులను చూసినవారికి ఆ వ్యుత్పత్తి వివరించే పని ఉండదు. మింట్ సంగతీ ఇలాంటిదే: పుదీనా అనే మింట్ ఒక మొక్క పేరు, నాణేలు ముద్రించే మింట్ రోములో జూనో మొనేటా దేవత గుడి దగ్గర నాణేలు పోయడం వల్ల వచ్చిన పేరు. మనీ అనే మాటా అక్కడిదే. గుడి, డబ్బు, అభిమానులు: తిరుపతివాళ్లకు ఈ మూడింటి బంధుత్వం కొత్తగా చెప్పాలా?

బ్రేక్ దర్శనంలో బ్రేకూ, ఘాట్ రోడ్డులో బస్సు వేసే బ్రేకూ ఒకటేనా?

కావు. తెలుగులో రాస్తే ఒకేలా కనిపిస్తాయి, ఇంగ్లీషులో అక్షరాలు వేరు, పలకడం ఒకటే. బస్సు బ్రేకు నిలిపేది. దర్శనం బ్రేకు విరిచేది అనే మాట. సర్వదర్శనం వరుసను కాసేపు ఆపి, ఆ ఖాళీలో మరికొందరిని పంపుతారు గనుక అది బ్రేక్. టీ బ్రేకూ అదే, విరామం. నటుడికి దొరికే తొలి బ్రేకూ అదే, అడ్డుగోడకు పడిన కన్నం. తెల్లవారడాన్ని డేబ్రేక్ అంటారు, చీకటి పగులుతుంది కదా.

కంపార్ట్‌మెంటు కూడా మన ఊరి ప్రత్యేకతే. "31 కంపార్ట్‌మెంట్లు నిండి వరుస బయటికి వచ్చింది" అని పేపర్లో చదివి, అది ఏ రైలు అని హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అడిగాడు. కంపార్ట్‌మెంట్ అంటే గోడలు పెట్టి విడదీసిన భాగం. రైలు పెట్టెలోదైనా, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గదైనా, కారు డాష్‌బోర్డులోని చిన్న అరైనా.

ఇక క్యూ. ఫ్రెంచిలో దాని అర్థం తోక. కొండవీటి చాంతాడు అని మనం అన్నదాన్నే వాళ్లు తోక అన్నారు. ఇంగ్లీషులో ఇదే మాటకు వెనక వేలాడే జడ అనే అర్థం కూడా ఉంది. కల్యాణకట్ట దగ్గర వరుసలో నిలబడినవారు క్యూలో నిలబడి క్యూ ఇచ్చి వస్తున్నారన్నమాట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా తరగతి నవ్వుతుంది, ఆ తర్వాత ఆ అర్థం ఎవరూ మరిచిపోరు.

ఒకేలా రాసి వేరుగా పలికే మాటలను ఎలా గుర్తుపట్టాలి?

తెలుగు లిపి వల్ల లాభం ఇక్కడే. మన లిపిలో పలికినట్టు రాస్తాం గనుక వేరుగా పలికేవి వేరుగానే కనిపిస్తాయి. ఇంగ్లీషులో ఒకే అక్షరాలతో రాసేవి మనం రాస్తే ఇలా విడిపోతాయి: ఎన్నికల్లో వచ్చేది లీడ్, సీసం లెడ్. గాలి విండ్, చుట్టడం వైండ్ (మోటారు వైండింగ్ షాపు గుర్తుందిగా, మెలికల ఘాట్ రోడ్డునూ వైండింగ్ రోడ్డే అంటారు). కన్నీరు టియర్, చింపడం టేర్. అరవై సెకన్లు మినిట్, అతి సూక్ష్మమైనది మైన్యూట్. వరుస రో, గొడవ రౌ.

ఇంకో గుంపు ఉంది. ప్రెజెంట్ అంటే బహుమతి, ప్రిజెంట్ అంటే అందించడం. ఆబ్జెక్ట్ వస్తువు, అబ్జెక్ట్ అభ్యంతరం చెప్పడం. పర్మిట్, రికార్డ్, కాంట్రాక్ట్ కూడా ఈ వరసలోవే. నామవాచకమైతే మొదటి అక్షరం మీద ఊనిక, క్రియ అయితే రెండో దాని మీద. దీన్ని ఒత్తు అని చెబితే పిల్లలు వెంటనే అక్షరం కింద రాసే ఒత్తు కోసం వెతుకుతారు, అందుకే ఊనిక అంటున్నాను. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు గనుక మన చెవి దీన్ని పట్టించుకోదు. గట్టిగా పైకి చదవడం తప్ప వేరే మందు నాకు తెలియదు.

నష్టం సంగతి: ఇంగ్లీషులో వేరుగా పలికే రెండు మాటలు మన నోట కలిసిపోతాయి. పశువుల డాక్టరూ తడిసినదీ మనకు రెండూ వెట్టే. ఇంగ్లీషువాడు మొదటిదానికి పై పళ్లు కింది పెదవికి ఆనిస్తాడు, రెండోదానికి పెదవులు గుండ్రంగా చుడతాడు. మా ఊళ్లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి విద్యార్థులు ఇంటర్వ్యూల్లో తాము వెట్‌లమని చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త.

ఒకే మాటకు పూర్తిగా ఎదురు అర్థాలు ఉంటాయా?

ఉంటాయి, ప్రమాదకరమైనవి ఇవే. సాంక్షన్ చూడండి. "లోను సాంక్షన్ అయింది" అంటే మనకు పండగ. కానీ అంతర్జాతీయ వార్తల్లో ఒక దేశం మీద సాంక్షన్లు పెట్టారంటే అవి ఆంక్షలు. రెండింటికీ మూలం కట్టడి చేసే శాసనం, అది అనుమతీ ఇవ్వగలదు, శిక్షా వేయగలదు. ఆచరణలో ఒక ఆనవాలు చెబుతాను: బహువచనంలో ఉండి, పక్కన ఏ దేశం పేరో ఉంటే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే.

ఓవర్‌సైట్ ఇంకో గండం. ఓవర్‌సైట్ కమిటీ అంటే పర్యవేక్షణ సంఘం. పొరపాటున ఒక కాగితం జత చేయకపోతే అది కూడా ఓవర్‌సైటే. పైనుంచి చూడటం ఒకటి, చూపు పైపైన వెళ్లిపోవడం ఇంకొకటి.

టేబుల్ కథ మరీ పెద్దది. సభలో ఒక తీర్మానాన్ని టేబుల్ చేయడమంటే బ్రిటిష్ వాడుకలో చర్చకు పెట్టడం. మన పార్లమెంటు, అసెంబ్లీ వార్తలన్నీ ఈ అర్థంలోనే. అమెరికాలో అదే మాటకు పక్కన పడేయడం అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు వాదులాడుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేనని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

ఫాస్ట్ ఫుడ్ అంటే ఉపవాసం రోజు తినేదా?

నవ్వకండి, ప్రశ్నలో విషయం ఉంది. ఫాస్ట్ అంటే మొదట గట్టిగా, కదలకుండా అని అర్థం. రంగు పోని బట్టను ఫాస్ట్ కలర్ అంటారు, గాఢనిద్రను ఫాస్ట్ అస్లీప్ అంటారు. నియమాన్ని గట్టిగా పట్టుకోవడం ఉపవాసమైంది. గట్టిగా పట్టు వదలకుండా పరుగెత్తడం నుంచి వేగం అనే అర్థం పుట్టింది. రాత్రంతా సాగిన ఉపవాసాన్ని విరిచేది గనుక పొద్దుటి ఇడ్లీ బ్రేక్‌ఫాస్ట్. అయినా శనివారం ఒక్కపొద్దు ఉండేవారు ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరకు వెళ్లకపోవడమే మంచిది.

ఆసుపత్రి మాటలు ఎందుకంత భయపెడతాయి?

మా తరగతికి వచ్చే ఒక నర్సింగ్ విద్యార్థిని చెప్పిన సంగతి. చంద్రగిరి వైపు పల్లె నుంచి ఒక ముసలాయన పరీక్ష ఫలితం కోసం వచ్చాడు. కాగితం ఇస్తూ ఎవరో "నెగటివ్" అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత ఈ అమ్మాయి అటుగా వెళితే, "ఇంకెన్నాళ్లమ్మా?" అని అడిగాడు. ఆమెకు మొదట ఆయన అడుగుతున్నదేమిటో అర్థం కాలేదు. కాగితం తీసి చూసి, "తాతా, మీకు ఆ జబ్బు లేదు" అంది. ఆయన నమ్మలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు.

మామూలు మాటల్లో పాజిటివ్ అంటే మంచి, నెగటివ్ అంటే చెడు. పరీక్షలో మాత్రం పాజిటివ్ అంటే వెతికింది దొరికింది, నెగటివ్ అంటే దొరకలేదు. మంచిచెడుల ప్రసక్తే లేదు. రోగితో మాట్లాడేటప్పుడు "జబ్బు లేదు" అనే రెండు తెలుగు ముక్కలు చాలని నర్సింగ్ పిల్లలకు ప్రతి బ్యాచ్‌లోనూ చెబుతాను.

మిగతావి కొన్ని. కేసు షీటులో కంప్లెయింట్ అంటే పోలీసులకు ఇచ్చే ఫిర్యాదు కాదు, రోగి చెప్పిన బాధ. కల్చర్ టెస్టులో సంస్కృతి లేదు, సూక్ష్మజీవులను పెంచి చూడటం ఉంది. ఆ మాట అసలు అర్థం సాగుచేయడం, సంస్కృతి తర్వాత వచ్చింది. స్టూల్ అంటే మొదట పీట, తర్వాత మరుగుదొడ్డి పీట, ఆ తర్వాత దాని మీద జరిగే పని ఫలితం. ఆపరేషన్ థియేటరును థియేటర్ అనడానికి కారణం అక్కడ నిజంగానే ప్రేక్షకులు ఉండేవారు: పాతకాలంలో వైద్య విద్యార్థులు చుట్టూ మెట్ల వరుసల్లో కూర్చుని శస్త్రచికిత్స చూసేవారు. గ్రీకులో ఆ మాటకు చూసే చోటు అని అర్థం.

ఛార్జి అనే మాటకు ఎన్ని అర్థాలు? ఒక పట్టాన తేలడం లేదు.

ఒక బండిని ఊహించుకోండి. ఛార్జి మూలం లాటిన్‌లో 'బండికి బరువెత్తడం'. ఇక అన్నీ వరసగా వస్తాయి. బస్సు ఛార్జీ ప్రయాణికుడి మీద వేసిన భారం. కొత్త కలెక్టరు ఛార్జి తీసుకున్నారంటే బాధ్యత భుజానికెత్తుకున్నారు. ఫోనుకు ఛార్జి పెట్టడం దానిలోకి విద్యుత్తు ఎక్కించడం. ఛార్జిషీటు అంటే నేరం మోపడం. మోపడం అనే మన మాటలోనూ బరువే ఉంది చూడండి, రెండు భాషలూ వేర్వేరు దారుల్లో నడిచి ఒకే పోలికకు చేరాయి. ఆసుపత్రిలో డిశ్చార్జి అంటే ఆ బరువు దించడం.

చిత్తూరు కోర్టు దగ్గర బార్ అసోసియేషన్ బోర్డు చూసి ముఖం చిట్లించిన ఒక అమ్మమ్మ గారి కోసం: బార్ అంటే అడ్డకర్ర. కోర్టులో న్యాయమూర్తికీ మిగతావారికీ మధ్య ఉండేది ఒకటి, మద్యం దుకాణంలో అమ్మేవాడికీ తాగేవాడికీ మధ్య ఉండేది ఒకటి. బంగారు కడ్డీ, చాక్లెట్ కడ్డీ కూడా బార్లే. సెంటెన్స్ అంటే మొదట అభిప్రాయం. దాన్ని మాటల్లో పెడితే వాక్యం, న్యాయమూర్తి నోట వస్తే శిక్ష.

ఫెయిర్ ప్రైస్ షాపులో ఫెయిర్ అంటే న్యాయమైన. తెల్లని రంగుకూ, నోట్సు శుభ్రంగా తిరగరాసే ఫెయిర్ కాపీకీ అదే మాట. గంగమ్మ జాతర లాంటి ఫెయిర్ మాత్రం లాటిన్‌లో పండగ రోజు నుంచి వచ్చిన వేరే మాట.

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏది?

చాలాకాలం పాటు సెట్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అతి పొడవైన పద్దు ఇదే, అర్థాలు 430 దాకా ఉన్నాయి. ఆ తర్వాత సవరణల్లో రన్ దాన్ని దాటేసింది. 2011 నాటికి క్రియగానే దానికి 645 అర్థాలు లెక్కతేలాయి. యంత్రాలు వచ్చాక అన్నీ పరుగెత్తడం మొదలుపెట్టాయి మరి: మోటారు రన్ అవుతుంది, కంప్యూటర్ ప్రోగ్రాం రన్ అవుతుంది, దుకాణం రన్ అవుతుంది, సినిమా వంద రోజులు రన్ అవుతుంది.

సెట్‌ను తక్కువ చేయకండి. పుత్తూరు కట్టు కట్టేవారు ఎముకను సెట్ చేస్తారు. సూర్యుడు సెట్ అవుతాడు. మామిడి తాండ్ర ఎండలో సెట్ అవుతుంది. లెక్కల్లో సెట్ అంటే సమితి, సినిమాలో సెట్ అంటే వేసిన ఇల్లు, హోటల్లో సెట్ దోశ అంటే జంటగా వచ్చే మెత్తని దోశలు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్)లో సెట్ మాత్రం వీటిలో ఏదీ కాదు, అది పరీక్ష పేరులోని పొడి అక్షరాల కలయిక.

చిన్న మాటలకే ఇన్ని అర్థాలెందుకు?

ఎక్కువ వాడే పనిముట్టుకే ఎక్కువ పనులు పడతాయి. వాడకం ఎక్కువున్న మాటలకు అర్థాలు కూడా ఎక్కువని జిఫ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1945లోనే చూపించాడు. దానికి తోడు ఇంగ్లీషు చరిత్ర ఉంది. ఆంగ్లో సాక్సన్ పునాది, దాని మీద స్కాండినేవియన్ల రాక, 1066 తర్వాత ఫ్రెంచి పాలకులు, పైన లాటిన్ చదువు. ఎక్కడెక్కడి మాటలో వచ్చిచేరి, కాలక్రమంలో చివరి ధ్వనులు అరిగిపోయి, రెండు మూడు మాటలు ఒకే రూపానికి వచ్చాయి. పైగా ఇంగ్లీషులో నామవాచకాన్ని ఏ ప్రత్యయమూ తగిలించకుండానే క్రియగా వాడేయవచ్చు. మనకు విభక్తులు, క్రియల చివర్లు కాపలా కాస్తాయి.

శ్రీహరికోట వార్తల్లో వచ్చే స్టేజ్, రేంజ్ అంటే ఏమిటి?

స్టేజ్ మూలం నిలబడటం. పల్లెల్లో బస్సు నిలిచేది స్టేజీ, నటుడు నిలిచేది స్టేజీ. రాకెట్టులో అయితే ఒకదాని తర్వాత ఒకటి మండి విడిపోయే దశ, పీఎస్‌ఎల్‌వీకి అలాంటివి నాలుగు. రేంజ్ అంటే మొదట వరుస. శేషాచలం కొండల వరుస రేంజ్, ఎర్రచందనాన్ని కాపాడే అధికారి చూసుకునే అటవీ ప్రాంతం రేంజ్, రాకెట్లను ప్రయోగించే స్థలం రేంజ్, చీరల ధరల శ్రేణి కూడా రేంజే. ఇక శాటిలైట్ అంటే లాటిన్‌లో వెంట తిరిగే అంగరక్షకుడు. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలకు ఆ పేరు పెట్టినవాడు కెప్లర్.

నిఘంటువులో మొదట ఇచ్చిన అర్థం తీసుకుంటే సరిపోతుందా?

ఏ నిఘంటువో చూసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు అర్థాలను పుట్టిన వరుసలో ఇస్తుంది, అంటే మొదటిది అన్నిటికన్నా పాతది. ఇప్పుడు ఎవరూ వాడనిది కూడా కావచ్చు. విద్యార్థుల కోసం చేసిన చిన్న నిఘంటువుల్లో ఎక్కువగా వాడేది ముందు ఉంటుంది. రెంటిలోనూ ఉదాహరణ వాక్యం చదవకుండా పేజీ తిప్పవద్దు.

ఫోనులో చూసేవారికీ ఇదే మాట. ఒంటరి పదం కొట్టి అనువాదం అడగవద్దు. వాక్యం మొత్తం ఇవ్వండి, వీలైతే ముందు వాక్యం కూడా. పక్కన మాటలు లేకపోతే యంత్రం కూడా ఆ స్టేషన్‌లో పెద్దావిడలాగే కిటికీ పైకి చూస్తూ నిలబడుతుంది.

ఈ అర్థాలన్నీ బట్టీ పట్టాలా?

వద్దు.

మరి పరీక్షలో సరైన అర్థం ఎంచుకునేది ఎలా?

ముందు అది నామవాచకమా, క్రియా, విశేషణమా చూడండి. సగం ఎంపికలు అక్కడే రాలిపోతాయి. తర్వాత ఎడమ పక్కన ఏముంది, కుడి పక్కన ఏముంది చూడండి. ఇంట్రెస్ట్ పక్కన శాతం ఉంటే వడ్డీ, సంగీతం ఉంటే ఆసక్తి. ప్రిన్సిపల్ పక్కన రుణం ఉంటే అసలు, కాలేజీ ఉంటే పెద్ద మాస్టారు. మీకు తెలిసిన అర్థం వాక్యంలో పెట్టి చదవండి. ఏ మాత్రం వింతగా వినిపించినా ఆ వింతను తోసేయకండి, అనుమానించండి. నా విద్యార్థులు మార్కులు పోగొట్టుకున్నది ఎక్కువగా ఈ చివరి మెట్టు దగ్గరే.

"అవసరమైన మెట్లు తీసుకోగలరు" అని అర్జీలో రాశాను. తప్పా?

ఇంగ్లీషులో 'స్టెప్స్ తీసుకోవడం' అంటే చర్యలు తీసుకోవడం. మీరు స్టెప్స్‌ను మెట్లుగా మార్చారు. వీధిలో డ్రైనేజీ గురించి రాసిన అర్జీ కాబట్టి "తగిన చర్యలు తీసుకోగలరు" అని దిద్దండి. మెట్లు కావాలంటే అలిపిరిలో 3,550 ఉన్నాయి, వాటిని తీసుకోనక్కర్లేదు, ఎక్కితే చాలు.